ఒంటరిగా బిట్ కాయిను త్రవ్వుట: రైతునకు గిట్టుబాటగునా?

గరివిడి పరిసర గ్రామముల వారికి గని యను మాట క్రొత్తది కాదు. 1892 ప్రాంతమున మన జిల్లాలోని కోడూరు వద్ద మాంగనీసు ఖనిజమును త్రవ్వ నారంభించిరి. భారతదేశమున ఆ ఖనిజపు త్రవ్వకమునకు అదియే ఆరంభమని చెప్పుదురు. కోడూరు పేరు మీదుగనే ఫెర్మరు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒక రాతికి 'కోడురైటు' అని నామకరణము చేసెను. తరువాత గరివిడిలో ఫెర్రో మిశ్రమ లోహముల కర్మాగారము వెలసి, ఎన్నియో కుటుంబములకు కూలియు జీతమును చూపినది. మన పెద్దలలో గని తట్ట మోసినవారును, కొలిమి వేడిమి నెరిగినవారును గలరు. కావున 'త్రవ్విన దొరకును' అను నమ్మకము ఈ నేలలో సహజముగనే యున్నది.

ఇపుడు మన యువకుల నోట వేరొక త్రవ్వకపు మాట వినబడుచున్నది. అందు గునపము లేదు, తట్ట లేదు, మన్ను లేదు. ఒక యంత్రమును గదిలో నుంచి, దానికి విద్యుత్తును, ఇంటర్నెట్టును అందించిన చాలునట. అది రేయింబవళ్లు 'బిట్ కాయిను' అను నాణెమును త్రవ్వునట. గత మాసమున మా సభ్యులలో నొకరి కుమారుడు, చదువుకొన్నవాడు, తండ్రిని వెంటబెట్టుకొని మా కార్యాలయమునకు వచ్చెను. మూడు లక్షల రూపాయలతో నొక యంత్రము కొనదలచితిననియు, అందుకు సంఘమున ఋణము దొరకునా యనియు అడిగెను. ఎవరితోను పొత్తు లేక ఒంటరిగా త్రవ్వినచో, ఒక్కమారు దొరికినను రెండున్నర కోట్లు చేతికి వచ్చునని యతని యాశ. తండ్రి మాత్రము తలవంచుకొని, "నాకు ఈ లెక్క తెలియదు బాబూ, మీరే చూచి చెప్పండి" అనెను.

అతని ప్రశ్న పరిహాసము చేయదగినది కాదు. కావున అతని యెదుటనే కాగితము మీద లెక్క వేసితిమి. ఆ లెక్కనే మన సభ్యులందరి యుపయోగమునకై ఇచ్చట ప్రకటించుచున్నాము. కూడికలు, గుణకారములు వచ్చిన ప్రతివారును దీనిని తామే సరిచూచుకొనవచ్చును.

త్రవ్వుట యననేమి?

బిట్ కాయిను ఏ టంకసాలలోను ముద్రింపబడునది కాదు. సతోషి నకమోటో యను మారుపేరుతో నొకరు 2008 అక్టోబరులో దీని పద్ధతిని ప్రకటించిరి. 2009 జనవరి 3వ తేదీన ఇది నడువసాగెను. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చిరను జమాఖర్చు పుస్తకమొకటి ప్రపంచమందలి వేలకొలది కంప్యూటర్లలో నకలుగా నుండును. ఆ పుస్తకమున రమారమి పది నిమిషములకొక పుట చేరుచుండును. ఆ పుటకే బ్లాకు అని పేరు. పుటను ముగించి ముద్ర వేయుటకు ఒక సంఖ్యను కనుగొనవలెను. ఆ సంఖ్యను తెలివితో సాధించు మార్గము లేదు. ఊహించి, సరిచూచి, తప్పైనచో మరల ఊహింపవలసినదే. ఈ ఒక్కొక్క ప్రయత్నమునకు హాషు అని పేరు. సరియైన సంఖ్య మొదట ఎవరి యంత్రమునకు తగులునో, ఆ పుటకు గల బహుమానమంతయు వారిదే. రెండవవానికి ఏమియు లేదు.

మొదట ఈ బహుమానము పుటకు 50 నాణెములు. రమారమి నాలుగేండ్లకొకమారు అది సగమగుచుండును. 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిలులో 3.125 అయినది. 2028లో మరల సగము కావలసియున్నది. మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించకుండునట్లు ఈ యేర్పాటు.

ఇందు రైతు ముఖ్యముగా గ్రహింపవలసినది యొకటి గలదు. యంత్రములు పెరిగినకొలది నాణెములు పెరుగవు. ప్రతి 2,016 పుటలకు, అనగా ఇంచుమించు రెండు వారములకొకమారు, వెదకవలసిన సంఖ్య ఎంత కష్టముగా నుండవలెనో దానంతటదే సవరింపబడును. యంత్రములు హెచ్చిన కష్టము హెచ్చును, తగ్గిన తగ్గును. పుట మాత్రము పది నిమిషములకొకటియే. మన చెరువు నీటి వంతును తలచికొనుడు. చెరువులో నీరు ఎంతయో అంతే. ఆయకట్టు పెరిగినచో ఒక్కొక్క మడికి వచ్చు నీరు తగ్గును గాని, చెరువు పెరుగదు. ఇదియు నట్టిదే.

అదృష్టపు లెక్క

సెకనుకు లక్ష కోట్ల ప్రయత్నములు చేయు బలమును ఒక టెరాహాషు అందురు. 2025వ సంవత్సరపు చివరి నెలలలో ప్రపంచమందలి యంత్రములన్నిటి మొత్తము బలము ఇంచుమించు 100 కోట్ల టెరాహాషులు. మన యువకుడు కొనదలచిన యంత్రపు బలము 200 టెరాహాషులు. సామాన్యునికి అది గొప్ప బలమువలె తోచును. కాని 100 కోట్లను 200తో భాగించిన 50 లక్షలు వచ్చును. అనగా ప్రతి పుటకును అతనికి గల యవకాశము 50 లక్షలలో ఒక వంతు.

50 లక్షలన్న మాట చెవికి సోకినంత తేలికగా మనసునకు అందదు. ఒక కిలో బియ్యములో సుమారు 50,000 గింజలుండును. నూరు కిలోల బస్తాలో 50 లక్షల గింజలు. ఆ బస్తాలో ఒక్క గింజకు పసుపు పూసి, కలియబెట్టి, కన్నులు మూసికొని చేయి పెట్టి ఒకే గింజను తీయవలెను. అది పసుపు గింజ కావలెను. తప్పినచో గింజను మరల బస్తాలో వేసి, పది నిమిషముల తరువాత మరల తీయవలెను. ఒంటరి త్రవ్వకమనగా నిదియే.

దినమునకు 144 పుటలు, సంవత్సరమునకు 52,560 పుటలు. 50 లక్షలను 52,560తో భాగించిన 95 వచ్చును. కావున సగటున 95 సంవత్సరములకొకమారు బహుమానము తగులును. అయితే 95వ యేట తప్పక దొరకునని దీని యర్థము కాదు. అట్టి యంత్రములు గల నూరుగురు ఒక సంవత్సరము త్రవ్వినచో, వారిలో ఇంచుమించు ఒక్కనికి తగులును, 99 మందికి తగులదు. అయిదేండ్లు త్రవ్వినచో అయిదుగురికి తగులును. 95 ఏండ్లును త్రవ్వినచో 63 మందికి ఒకసారియైనను తగులును. మిగిలిన 37 మంది నూరేండ్లకు చేరువైనను వట్టిచేతులతోనే యుందురు. ప్రపంచ బలము నేడున్నట్లే యుండుననుకొనినపుడే ఈ లెక్క. అది పెరిగినచో అవకాశము ఇంకను సన్నగిల్లును.

ఇంకొక భ్రమను ఇచ్చటనే తొలగింపవలెను. బావి త్రవ్వువాడు ముప్పది అడుగుల వరకు నీరు పడకున్నను, తడి మన్ను కనబడినచో ఇంక కొంచెమే యని ధైర్యము చెందును. అతని పాటు వృథా కాలేదు; లోతు పెరిగినది. బిట్ కాయిను త్రవ్వకమున తడి మన్ను లేదు. పదేండ్లు త్రవ్వినవానికిని, ఈ యుదయము మొదలిడినవానికిని తరువాతి పుటకు గల యవకాశము సమానమే. "ఇంతకాలము దొరకలేదు గనుక ఇక దొరకవలెను" అను మాటకు ఇందు చోటు లేదు.

అరచేతిలో పట్టు చిన్న యంత్రములును అమ్మకమునకు వచ్చినవి. బిటాక్సు అనునది అట్టిది. బలము రమారమి 1.2 టెరాహాషులు, విద్యుత్తు 18 వాట్లు. ఒక చిన్న దీపమునకైనంత ఖర్చు. కాని దాని సగటు నిరీక్షణ సుమారు 15,850 సంవత్సరములు.

వచ్చుబడి, పోకడ

ఇక రూపాయలలోనికి వత్తము. నాణెపు ధర దినదినమును మారుచుండును గనుక, లెక్క కొరకు ఒక నాణెము 80 లక్షల రూపాయలని అనుకొందము. పుటకు 3.125 నాణెములు, అనగా రెండున్నర కోట్లు. మన యువకుడు విన్నది అబద్ధము కాదు. దానిని 95 ఏండ్లకు పంచినచో సంవత్సరమునకు సగటున 2,62,800 రూపాయలు. దినమునకు 720 రూపాయలు.

ఇది చూచి యువకుని ముఖము వికసించెను. "సంవత్సరమునకు రెండున్నర లక్షలు తక్కువయా?" అని అడిగెను. ఖర్చు పుట తిరుగవేయుమంటిమి.

ఆ యంత్రము 3,500 వాట్ల విద్యుత్తును త్రాగును. మన బావి మీది అయిదు హార్సుపవరు మోటారు త్రాగునది ఇంచుమించు అంతే. అయితే మోటారు మడి తడిసిన తరువాత ఆగును. ఇది రాత్రియనక పగలనక, ఎండాకాలమనక వానాకాలమనక ఆడుచునే యుండవలెను. దినమునకు 84 యూనిట్లు, నెలకు 2,520, సంవత్సరమునకు 30,660 యూనిట్లు. ఒక టన్ను ఫెర్రో మాంగనీసును కరగించుటకు రమారమి 2,500 మొదలు 3,000 యూనిట్లు పట్టునని కొలిమి నెరిగినవారు చెప్పుదురు. అనగా ఈ యొక్క పెట్టె నెలకు త్రాగు విద్యుత్తుతో ఇంచుమించు ఒక టన్ను లోహము తయారగును. విద్యుత్తు ధర పెరిగినపుడెల్ల మన ప్రాంతపు ఫెర్రో కర్మాగారములు పని తగ్గించుకొనుటయు, మూతబడుటయు మనమెరిగినదే. లోహము తీయువారికే కష్టమైన చోట, నాణెము తీయువారికి సులభమెట్లగును?

ఆంధ్రప్రదేశమున 2022 నాటి పట్టిక ననుసరించి నెలకు 400 యూనిట్లు దాటిన గృహ వినియోగమునకు యూనిటు 9 రూపాయల 75 పైసలు. మేము కొంచెము తగ్గించియే, అన్నియు కలిపి యూనిటు 9 రూపాయలని వేసితిమి. దినమునకు 756 రూపాయలు. సంవత్సరమునకు 2,75,940 రూపాయలు. సగటున దినమునకు 720 రాగా, 756 పోవుచున్నవి. పన్ను, యంత్రపు ధర, వేసవిలో గది చల్లార్చు ఖర్చు ఇంకను లెక్కలోనికి రాలేదు.

ఇంటి కప్పు మీద సూర్యరశ్మి పలకలు వేయుదమని యువకుడనెను. మూడు కిలోవాట్ల పలకలు దినమునకు సుమారు 12 యూనిట్లిచ్చును. యంత్రమునకు కావలసినది 84. అట్టి యిండ్ల కప్పులు ఏడు కావలెను. రాత్రి వేళ వానియందు విద్యుత్తు పుట్టదు.

ప్రభుత్వపు వంతు

మన దేశమున బిట్ కాయిను చెలామణీ నాణెము కాదు, నిషేధింపబడినదియు కాదు. 2018లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారమునకు బ్యాంకుల సేవలు ఆపించగా, 2020 మార్చి 4వ తేదీన సుప్రీం కోర్టు ఆ యుత్తరువును కొట్టివేసెను. 2022 ఏప్రిలు 1వ తేదీ నుండి ఇట్టి యాస్తుల మీది లాభమునకు నూటికి 30 చొప్పున పన్ను విధింపబడెను. కొన్న ధర తప్ప మరి యే ఖర్చును అందు తగ్గింపరు. త్రవ్వకపు సరంజామాకైన ఖర్చు కొన్న ధరగా లెక్కింపబడదని ప్రభుత్వము 2022 మార్చిలో పార్లమెంటునందు స్పష్టపరచినది. ఇందు వచ్చిన నష్టమును ఇతర ఆదాయములతో సరిపెట్టుకొనుటకును వీలు లేదు.

వ్యవసాయాదాయమునకు ఆదాయపు పన్ను లేదని మన రైతులకు తెలియును. పొలము గట్టున పాకలో యంత్రమును నడిపినంత మాత్రమున ఈ యాదాయము వ్యవసాయాదాయము కాజాలదు.

పన్నుపై పన్నుతో కలిపి నూటికి 31.2 చొప్పున, 2,62,800కు పన్ను 81,994 రూపాయలగును. యంత్రము నాలుగేండ్లు పనికివచ్చునని యనుకొని మూడు లక్షలను పంచిన, సంవత్సరమునకు అరుగుదల 75,000. ఇపుడు మొత్తము లెక్క ఇట్లు తేలినది:

సగటు రాబడి: 2,62,800 రూపాయలు.
విద్యుత్తు ఖర్చు: 2,75,940 రూపాయలు.
పన్ను: 81,994 రూపాయలు.
యంత్రపు అరుగుదల: 75,000 రూపాయలు.
సంవత్సరమునకు సగటు నష్టము: 1,70,134 రూపాయలు.

పన్ను విషయమున ఒక్కొక్కరి స్థితిగతులను బట్టి భేదముండవచ్చును గనుక ఆడిటరు నడిగి తెలిసికొనవలెను. అయితే పన్నును పూర్తిగా తీసివేసినను నష్టము 88,140 రూపాయలుండును. నాణెపు ధర పెరిగినచో నష్టము తగ్గవచ్చును. కాని ధర పెరిగినపుడు లోకమంతటను క్రొత్త యంత్రములు దిగును. అపుడు మన వంతు మరల తగ్గును.

ఒంటరివాడును, సంఘస్థుడును

ఇచ్చట మన సహకారులకు ఆసక్తి గల విషయమొకటి చెప్పవలెను. తొలి దినములలో ఇంటిలోని సామాన్య కంప్యూటరుతో ఒంటరిగా త్రవ్వినను నాణెములు దొరికెడివి. పోటీ పెరిగిన కొలదియు చిన్నవారికి నెలల తరబడి ఏమియు దొరకకపోయెను. అపుడు 2010వ సంవత్సరాంతమున చెక్ దేశస్థుడైన మారెక్ పలాటినుస్ అను నతడు ఒక యుపాయము పన్నెను. చిన్న త్రవ్వకదారులందరు ఒక జట్టుగా చేరి, ఎవరికి తగిలినను ఆ బహుమానమును ఎవరి యంత్రబలమును బట్టి వారు పంచుకొనవలెనని యేర్పరచెను. దానికి పూలు అని పేరు. నేడు ప్రపంచ త్రవ్వకములో అత్యధిక భాగము ఇట్టి జట్ల ద్వారానే జరుగుచున్నది.

1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినపుడు చెప్పబడిన సూత్రమును ఇదియే గదా! ఒక్కని వలన కానిది పదుగురు కలిసిన నగును. జట్టులో చేరినవానికి 95 ఏండ్ల నిరీక్షణ లేదు. జట్టువారి రుసుము పోను, దినదినమును తన 720 రూపాయలు ఇంచుమించుగా చేరుచుండును. ఒంటరివానికి రెండున్నర కోట్లో, సున్నయో. సగటు ఇద్దరికి నొక్కటియే, ఆటుపోట్లలోనే భేదము.

అయినను సహకారము చేయగలదేదో, చేయలేనిదేదో ఇచ్చట తేటపడుచున్నది. జట్టువాని చేతికి 720 చేరును గాని, అతని విద్యుత్తు ఖర్చు 756 తగ్గదు. కలిసి త్రవ్వుట వలన అదృష్టపు టెగుడుదిగుడులు చదునగును. నష్టపు వ్యాపారము లాభపు వ్యాపారము కాదు. పదుగురు రైతులు కలిసి విత్తినను చవిటి నేల పండదు. ఒంటరిగా త్రవ్వువానికి తన నష్టము తెలియుటకు ఏండ్లు పట్టును. జట్టులోనివానికి మొదటి నెల బిల్లుతోనే తెలిసిపోవును. ఆ మాత్రము మేలు జట్టు వలన నున్నది.

ఏ ధరకు విద్యుత్తు దొరికిన గిట్టుబాటగునని యువకుడు అడిగెను. మంచి ప్రశ్న. పైన చెప్పిన లెక్క ప్రకారము పన్నును, అరుగుదలను భరించి నిలువవలెనన్న యూనిటు మూడున్నర రూపాయలకు లోపల నుండవలెను. జలవిద్యుత్తు పుష్కలముగా నున్న భూటాను దేశమున ప్రభుత్వ సంస్థయే ఈ త్రవ్వకము చేయుచున్నది. వారికి ఏరు దిగుబడి. మనకు బిల్లు దిగుబడి.

ఉచిత విద్యుత్తు మాట

ఈ మాట విని ఒక పెద్దమనిషి, "బావి మోటారుకు విద్యుత్తు ఉచితమే గదా, ఆ తీగనే యంత్రమునకు తగిలించిన నేమి?" అని మెల్లగా ననెను. ఇట్టి యాలోచన మరికొందరికిని రావచ్చును గనుక దాచక వ్రాయుచున్నాము. వ్యవసాయమునకని యిచ్చిన విద్యుత్తును వేరు పనికి వాడుట 2003 నాటి విద్యుత్తు చట్టము క్రింద నేరము. 126వ సెక్షను ప్రకారము రెట్టింపు ధర కట్టవలసివచ్చును. 135వ సెక్షను ప్రకారము దొంగతనముగా నెంచబడి మూడేండ్ల వరకు కారాగారము పడవచ్చును. పైగా మన వ్యవసాయ విద్యుత్తు దినమునకు తొమ్మిది గంటలే. యంత్రమునకు ఇరువదినాలుగు గంటలు కావలెను. చట్టము నటుంచినను, ఒక ట్రాన్సుఫార్మరు క్రింద పదిమంది మోటార్లు ఆడుచుండును. దాని మీద ఒకడు దొంగబరువు మోపినచో, కాలిపోవునది పదిమంది పంట. అట్టి రాబడి సహకార సంఘ సభ్యునకు తగదు.

గెలిచినవారి కథలు

"ఎవరికో ఒకరికి తగులుచునే యున్నది గదా?" అని యువకుడు పట్టు విడువలేదు. నిజమే. 2024 జూలైలో సుమారు మూడు టెరాహాషుల స్వల్ప బలము గల ఒంటరి త్రవ్వకదారునికి ఒక పుట తగిలెను. అట్టి బలమునకు సగటు నిరీక్షణ మూడువేల సంవత్సరములకు పైబడినది. అతనికి 3.125 నాణెములకు పైగా ముట్టెను. ఆ వార్త లోకమంతట ప్రాకెను.

కాని ఆ దినమున తగులని లక్షలకొలది యంత్రముల సంగతి ఏ పత్రికయు వ్రాయదు. దొరికినవాని వార్త ఒక్కటే మనకు చేరును. దొరకనివారి మౌనము చేరదు. మన యూరిలో ఒకని బోరు పొంగినచో తిరునాళ్లకు వచ్చినట్లు జనము వచ్చి చూతురు. ఎండిపోయిన బోర్ల గొట్టముల నెవరు చూడవత్తురు? ఈ భేదమును మరచినవాడే లాటరీ చీట్లలో ఇల్లు పోగొట్టుకొనును.

గెలిచినవానికైనను రెండున్నర కోట్లును మిగులవు. 30 వంతు పన్నే 75 లక్షలు. దానిపై సర్ ఛార్జి, పన్నుపై పన్ను వేరు.

'మీ పేర మేము త్రవ్వెదము' అనువారు

యంత్రము కొనలేనివారి వద్దకు వేరొక జాతివారు వత్తురు. "యంత్రములు మా వద్ద నున్నవి, సొమ్ము మీరిండు, నెలనెలకు ఇంత ముట్టచెప్పెదము" అందురు. 2015లో మొదలైన గెయిన్ బిట్ కాయిన్ అను పథకము నెలకు నూటికి 10 చొప్పున 18 నెలలు ఇచ్చెదమని దేశమంతట నాశ చూపినది. సొమ్ము పెట్టినవారి ఫిర్యాదుల మీద 2018లో అరెస్టులు జరిగినవి. తరువాత ఆ కేసులు సి.బి.ఐ. చేతికి వచ్చినవి. ఇక మన లెక్కను గుర్తు తెచ్చుకొనుడు. సొంత యంత్రము గలవానికే దినమునకు 720 వచ్చి 756 పోవుచుండగా, నెలకు నూటికి పది ఎచ్చటినుండి తెచ్చి యిత్తురు? వెనుక చేరినవాని సొమ్మే ముందువానికి పంచుట తప్ప వేరు దారి కానరాదు. ఒక రైతు వద్దకు ఇట్టివాడు వచ్చినచో అడుగవలసిన ప్రశ్నలు రెండే: యంత్రబలమెంత? యూనిటు ధర యెంత? ఈ రెంటికి తిన్నగా బదులు చెప్పనివానిని గుమ్మము నుండియే సాగనంపవలెను.

మా సలహా

లెక్క ముగియుసరికి సాయంకాలమైనది. యువకుడు కాగితమును రెండుమార్లు సరిచూచెను. యూనిటు ధర తగ్గించి వేసెను, నాణెపు ధర పెంచి వేసెను. చివరకు నిట్టూర్చి కాగితమును మడిచి జేబులో పెట్టుకొనెను. తండ్రి మాత్రము ఒక్క మాట యడిగెను: "బాబూ, వానికి తప్పు చెప్పినట్లు కాదు గదా?" కాదంటిమి. లెక్క అడుగవచ్చినవాడు తప్పు చేసినవాడు కాడు. లెక్క అడుగక పొలము తాకట్టు పెట్టినవాడే విచారింపదగినవాడు.

పెట్టుబడికని తెచ్చిన ఋణమును గాని, ఎరువుకు, విత్తనమునకు దాచిన సొమ్మును గాని ఈ త్రవ్వకమున పెట్టరాదు. ఇట్టి యంత్రములకు మన సంఘము ఋణమీయదు. ఋణము తీరవలసినది పంటకాలమునకు. బహుమానము వచ్చునన్న సగటు 95 ఏండ్లకు. ఈ రెంటికి పొత్తు కుదరదు.

ఈ విద్య నేర్వవలెనను కుతూహలము గల యువకులను మేము వారింపము. పోయినను బాధ లేని సొమ్ముతో, తన యింటి మీటరు మీద, చిన్న యంత్రమొకటి పెట్టి దాని పద్ధతి తెలిసికొనవచ్చును. దానిని ఆటగా నెంచవలెనే గాని ఆదాయముగా నెంచరాదు. బిట్ కాయినులో గాని, వేరు నాణెములో గాని, ఎవరు వచ్చి ఆశ చూపినను, మూడు అంకెలు వ్రాసి లెక్క కట్టుడు: మన బలమును లోకబలముతో భాగించి, సంవత్సరపు పుటలతో గుణించిన మన యవకాశము తెలియును. దానిని బహుమానముతో గుణించిన రాబడి తెలియును. యంత్రపు వాట్లను యూనిట్లుగా మార్చి ధరతో గుణించిన ఖర్చు తెలియును. లోకబలము, నాణెపు ధర మారుచుండును గనుక ఆనాటి యంకెలనే వేసికొనవలెను.

కోడూరు గనిలో ఒక తట్ట మన్ను తీసినవానికి ఒక తట్ట కూలి దొరికెడిది. గని యజమానికి లాభము వచ్చినను నష్టము వచ్చినను, సాయంకాలమునకు కూలివాని చేతిలో డబ్బు పడెడిది. ఈ క్రొత్త గనిలో కూలివాడును యజమానియు ఒక్కడే. తట్టలన్నియు మోసి, కూలి దొరకక, విద్యుత్తు బిల్లు మాత్రము కట్టవలసినవాడును అతడే. సభ్యులు ఈ సంగతి తమ యింటి పిల్లలతో కూర్చుండి, కోపతాపములు లేక, కాగితము మీద లెక్క వేసి మాటలాడవలెనని మా మనవి. సందేహము గలవారు సంఘ కార్యాలయమునకు వచ్చినచో, వారితోకూడ కూర్చుండి లెక్క వేయుటకు మేము సిద్ధముగా నున్నాము.